ఆమె చేతి మీద వేసిన నింద

పెళ్ళినాటి నుంచీ గుండెల మీద కుంపటి మోస్తున్నాను. విచిత్రం ఏమిటంటే, ఆ కుంపటితోనే హాయిగా సంసారం చేస్తున్నాను, నవ్వుతున్నాను, లావయ్యాను కూడా. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు మా ఆవిడకు తెలియరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తెనాలి దగ్గర ఒక కాలేజీలో ఇద్దరం ఎలక్ట్రానిక్స్ చదివాం. ఆమె రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేది. సోల్డరింగ్‌లో మా క్లాసులో ఆమెను మించినవాళ్ళు లేరు. బోర్డు మీద ఆమె పెట్టిన అతుకులు ఆవగింజల్లా గుండ్రంగా ఉండేవి. నావి పక్షి రెట్టల్లా ఉండేవి.

ఎంబెడెడ్ సిస్టమ్స్ ప్రాక్టికల్ పరీక్ష రోజు. ఆమె తన బోర్డు సిద్ధం చేసుకుని టిఫిన్‌కి వెళ్ళింది. పక్క బల్ల మీద నేను కంగారులో ఎర్ర వైరు పెట్టాల్సిన చోట నల్ల వైరు పెట్టాను. సన్నగా పొగ, కమురు వాసన. నా చిప్పు, అంటే బోర్డు మొత్తాన్నీ నడిపించే ముక్క, కాలిపోయింది. ల్యాబ్‌లో ఎవరూ లేరు. చేతులు వాటంతటవే కదిలాయని రాద్దామనుకున్నాను. అబద్ధం. నేనే కదిపాను. నా వైర్లు సరిచేసి, స్క్రూడ్రైవర్‌తో ఆమె చిప్పు లేపి నా బోర్డులో పెట్టుకున్నాను. కాలిన నా చిప్పు ఆమె బోర్డులో పెట్టాను. ఆమె కష్టపడి రాసుకున్న ప్రోగ్రాం చెరిపేసి నాది ఎక్కించాను. తర్వాత బుద్ధిమంతుడిలా కిటికీలు తెరిచాను.

పరీక్షలో నా దీపాలు వెలిగాయి. ఆమెవి వెలగలేదు. పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు చిప్పు వాసన చూసి, వైర్లు తిరగేసి కరెంటు ఇచ్చావమ్మా అన్నారు. ఎవరో నవ్వారు. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

సాయంత్రం స్టేషన్లో నన్ను అడిగింది.

"నువ్వు పక్కనే ఉన్నావుగా. నిజం చెప్పు, వైర్లు నేనే తిరగేశానా?"

"కంగారులో తిరగేసుంటావులే. ఏడవకు."

"అయితే నాదే తప్పంటావు."

"నీదేలే. ఎవరికైనా అవుద్ది."

చిప్పు మార్చింది భయంతో. ఈ మాట మాత్రం తాపీగా, పల్లీలు తింటూ చెప్పాను. రెండింట్లో ఏది పెద్ద తప్పు? నాకు తెలుసు. మీకూ తెలుసు.

ఓదార్చడానికి ఆమెతో పాటు రేపల్లె బండి ఎక్కాను. తర్వాత ఓదార్చడం అలవాటైంది. చివరికి అదే స్టేషన్లో పెళ్ళికొడుకునై దిగాను. ఆమె పరీక్ష మళ్ళీ రాసి పాసైంది గానీ ఆ తర్వాత సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఇప్పుడు బాపట్లలో బ్యాంకు ఉద్యోగం. తెనాలిలో మా ఇంట్లో రిమోట్‌లో సెల్స్ కూడా నేనే వేయాలి. తన చెయ్యి మంచిది కాదట. చుట్టాలు వస్తే మాత్రం, అందరూ నవ్విన రోజున ఈయనొక్కరే నా పక్కన నిలబడ్డారని మురిసిపోతూ చెబుతుంది. అప్పుడు నేను చాలా శ్రద్ధగా పులిహోర తింటాను. నిజం చెబితే ఏం పోతుంది? ఆ పక్కన నిలబడ్డ మనిషి పోతాడు. అదీ నా భయం.

మొన్న మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం చిన్న బల్బు, బ్యాటరీ ముందేసుకుని కూర్చుంది. బల్బు వెలగలేదు. ఇంకోసారి చూడకుండానే అన్నీ నా వైపు తోసేసి, నాకూ అమ్మ చెయ్యే వచ్చింది నాన్నా అని నవ్వింది. వాళ్ళమ్మా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవగింజల్లాంటి అతుకులు పెట్టిన చెయ్యి అది. దాన్ని నేను ఏం చేసి పెట్టాను?

ఇది రాస్తుండగానే హాల్లో గోడ గడియారం ఆగిపోయిందట. కొత్త సెల్ పట్టుకుని మా ఆవిడ పిలుస్తోంది. వెళ్ళాలి. ఈసారి సెల్ నేను తీసుకోను. ఆమెనే వేయమని, పక్కన నిలబడి చెప్పేస్తాను. తర్వాత ఆ గడియారం గోడ మీదే ఉంటుందో, నా నెత్తిన పడుతుందో తెలియదు. అనాల్సింది ఒక్క మాటే: ఆ చిప్పు కాల్చింది నేను. చూశారా, మీ దగ్గర అనేసరికి నోరు తిరిగింది.