మా నాన్నగారి మూలకారణం

మా నాన్నగారు దేవుణ్ణి రుజువు చేసేవారు. సాయంత్రం అరుగు మీద పడక్కుర్చీ, ఎదురుగా హైస్కూలు మాష్టారు ఉంటే చాలు, ఇక చూసుకోండి.

"కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే కదండీ. ఆ కుమ్మరికో తండ్రి, ఆ తండ్రికో తండ్రి. అలా వెనక్కి పోతే ఎక్కడో ఒకచోట ఆగాలా, వద్దా? ఆ ఆగినచోట ఉన్నవాడే దేవుడండి."

మాష్టారికి దేవుడంటే నమ్మకం లేదు. "మరి దేవుణ్ణెవరు చేసేరండీ?" అనేవారు.

"అక్కడ ప్రశ్న చెల్లదండి," అని నాన్నగారు ముక్కుపొడుం పీల్చేవారు. లోపల కాఫీలు కలుపుతూ అమ్మా నేనూ నవ్వుకునేవాళ్ళం. ఆయన తెలివికి నాకు గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు అమ్మకి నెలలు నిండాయి. నాకు పదహారేళ్ళు. పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నమైనా తేలకపోయేసరికి, అమలాపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. అమలాపురం వెళ్ళాలంటే గోదావరి పాయ దాటాలి. మా రేవులో సముద్రం పోటు మీదున్నంతసేపే పడవ కదులుతుంది. పడవవాడు ఇంటికే పరిగెత్తుకొచ్చాడు.

"పోటు నీళ్ళు వెనక్కి తీసేయంటే పడవ బురదలో కూలబడిపోద్దండి బాబూ. ఇప్పుడే బయల్దేరాలండి."

నాన్నగారు పంచాంగం తీశారు. "ఇంకా మూడు గడియలు వర్జ్యం ఉంది. వర్జ్యంలో గడప దాటకూడదు."

మూడు గడియలంటే గంట పైనే. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "చిన్నదానివి, నీకు తెలీదు," అన్నారు.

వర్జ్యం వెళ్ళాక అమ్మని మంచంతో సహా రేవుకి మోసుకెళ్ళారు. పడవ బురదలో ఒరిగిపోయి ఉంది. మళ్ళీ పోటు వచ్చేలోగా ఆ రేవులోనే అమ్మా, కడుపులో బిడ్డా పోయారు.

పరామర్శకి వచ్చినవాళ్ళందరితోనూ నాన్నగారిది ఒకటే మాట. "అన్నిటికీ మూలకారణం ఆయనేనండి. మనమెవరం?" మాష్టారూ వచ్చారు. ఆ రోజు మాత్రం ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఆయన మర్యాద మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఏడెనిమిదేళ్ళకి నాన్నగారు మంచాన పడితే, చూసుకోవడానికి రాజోలులోని అత్తవారింటి నుంచి వచ్చాను. ఓ మధ్యాహ్నం జావ పడుతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ అమ్మని దేవుడే కదమ్మా తీసుకెళ్ళేడు?"

ఆయ్, అవునండి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసమే నా మొహంలోకి చూస్తున్నారు. నాకు జాలి వేసింది, అయినా అనలేకపోయాను.

"అమ్మ ఎందుకు పోయిందండీ? పడవ కదల్లేదు. పడవెందుకు కదల్లేదు? నీళ్ళు తీసేసేయి. నీళ్ళు తీసేదాకా మనం ఎందుకాగేం? నేను అక్కడే ఆగిపోయేను నాన్నగారూ. దేవుడి దాకా వెళ్ళే పని పడలేదు."

ఆయన ఇక జావ తాగలేదు. ప్రశ్న చెల్లదని కూడా అనలేదు.