లింగవ్వ వాకిలి దాటిన పాట

లింగవ్వ వాకిట్లో చోటు దొరకడానికి సువార్తకు ఏళ్లు పట్టింది.

ఆర్మూర్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒంటరిగా కూర్చోరు. పొద్దున ఇంటి పని కాగానే చాటలు చంకన పెట్టుకొని ఎవరిదో ఒక వాకిట్లో చేరతారు. తడిపిన తునికాకు కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం అన్నీ చేతులే చూసుకుంటాయి. నోళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ నోళ్ల కోసమే వాకిలి. ఆ వీధిలో లింగవ్వ వాకిలి పెద్దది, మధ్యాహ్నం కూడా నీడ ఉంటుంది. కానీ సువార్త చర్చి వెనక గల్లీ మనిషి. ఆ గల్లీ వాళ్లు ఏ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చారో వాకిట్లో అందరికీ తెలుసు. ఆమెను ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. మన ఊళ్లలో వద్దనడం చాలాసార్లు ఇట్లాగే ఉంటుంది.

ఒకసారి ఆకు కోసం, ఆకు ఇచ్చి బీడీలు లెక్కపెట్టి తీసుకునే టేకేదారు ఇంటి ముందు వరుసలో నిలబడి సువార్త తనలో తాను ఏదో పాడుకుంటుంటే, ముందున్న లింగవ్వ వెనక్కి తిరిగింది.

"గింత మంచి గొంతు వెట్టుకొని ఒక్కదానివి ఇంట్ల కూసుంటున్నవా పోరీ? రేపు మా వాకిట్లకు రా."

"నేను రావచ్చునా అవ్వా?"

"కాళ్లున్నయి గదా. రా."

మొదట్లో సువార్త గడప పక్కనే కూర్చునేది. నీళ్ల చెంబు ముట్టుకునేది కాదు. నెలలు గడిచాక ఒకరోజు గంగమణి తన గోనెపట్టా జరిపి, "గంత దూరం ఉంటే నీ మాట ఇనవడ్తలేదు, ఇటు రా," అన్నది. గంగమణి భర్త లక్ష్మీరాజం, సువార్త భర్త సాలోమోను ఇద్దరూ షార్జాలో ఒకే క్యాంపులో ఉండేవాళ్లు. ఒకరికి వచ్చిన కబురు ఇంకొకరికి పనికొచ్చేది. అలా దగ్గరయ్యారు.

ఆ వాకిట్లో ఒక ఆచారం ఉండేది. అన్నాలు తిన్నాక చేతులు మెల్లబడే వేళ లింగవ్వ పదం ఎత్తుకునేది.

తడియాకు ఒడికొచ్చె ఓ అక్కలాలా
తల్లి ముచ్చట చెప్పు ఓ అక్కలాలా

తర్వాత వరుసగా ఒక్కొక్కరూ తమ రెండు మాటలు కలపాలి. అబద్ధం కలపకూడదు. అత్త కొట్టిన సంగతి, మొగుడు ఫోన్ చేయని సంగతి, కడుపు పోయిన సంగతి, మామూలు మాటల్లో నోట రానివన్నీ రాగంలో వచ్చేవి. పాట అయ్యాక ఎవరూ ఎవరినీ ఏమీ అడగకూడదు. "పాటల ఇడిసింది పాటల్నే ఉండాలె," అని లింగవ్వ మొదటి రోజే సువార్తకు చెప్పింది.

రెండు వేల ఎనిమిదిలో సాలోమోను సెలవు మీద వచ్చాడు. దుప్పట్లు, అత్తరు సీసాలు, పాలపొడి డబ్బాలతో పాటు నాలుగు తీగల చిన్న వాయిద్యం ఒకటి తెచ్చాడు. గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అతను దేశం వెళ్లిపోతూ ఇచ్చాడట.

"గిటార్ పిల్లనా ఇది?" అని నవ్వింది సువార్త.

"పేరు మర్చిపోయిన. ఆడు దీన్ని వట్టుకుంటే రూమంత సప్పుడు లేకుంట ఇంటుండె."

ఆయన తిరిగి వెళ్లాక దాని పేరు కనిపెట్టింది నాగేందర్. బస్టాండ్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ అతనిది. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లవాళ్లంతా మైకు, హెడ్‌ఫోన్లు పెట్టుకొని అక్కడే మాట్లాడేవాళ్లు. సువార్త సంచిలోంచి తీసి చూపిస్తే అతను కాసేపు వెతికి, "అక్కా, గిది ఉకులేలే. నీలెక్క మస్తుమంది ఉన్నరు," అంటూ ఒక ఫోరం తెరిచాడు. ఎక్కడెక్కడి మనుషులో ఆ వాయిద్యం ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఎవరికీ ఫీజు లేదు, ఎవరూ గురువు కాదు. నిన్న నేర్చుకున్నది ఇవాళ వచ్చినవాళ్లకు చెప్పడమే అక్కడి పద్ధతి.

సువార్త పదో తరగతి తెలుగు మీడియం. కానీ నాలుగు గీతల మీద చుక్కలు పెట్టిన బొమ్మలకు ఇంగ్లిష్ అక్కర్లేదు. చుక్క ఉన్నచోట వేలు పెట్టాలి, అంతే. బీడీ మూతి మడిచే వేళ్లకు అదేమంత కష్టం కాలేదు. తీగ తెగిపోతే ఆర్మూర్‌లో దొరకలేదు. ఫోరంలో అడిగిస్తే ఫిన్లాండ్ నుంచి టిమో అనే రిటైరైన పోస్టుమాన్ చేపల గాలానికి కట్టే నైలాన్ దారం వేసుకోమన్నాడు. నందిపేట్ వైపు గోదావరిలో చేపలు పట్టేవాళ్ల దగ్గర అది తెప్పించుకుంది. తీగ పలికింది. ఆ సంగతి ఆమె చెప్పి నాగేందర్ టైపు చేస్తే, ఫోరమంతా సంబరపడింది.

ఆమెను కులం అడగని, గల్లీ అడగని గుంపు అది. అక్కడ గడప పక్కన కూర్చోవలసిన పని లేదు. ఆ సంతోషం చిన్నది కాదు, దాన్ని మనం తక్కువ చేయకూడదు. తర్వాత జరిగిన తప్పు కూడా ఆ సంతోషంలోంచే వచ్చింది.

ఫోరంలో నెలకొక పాట పెట్టే అలవాటు ఉంది. మరుసటి ఏడు పసుపు బండ్లు వేల్పూర్ వైపు నుంచి మార్కెట్‌కు దిగుతున్న రోజుల్లో, 'మీ దగ్గర పని చేస్తూ పాడుకునే పాట' పెట్టమన్నారు. సువార్త నాగేందర్ సెంటర్‌లో కెమెరా ముందు కూర్చొని లింగవ్వ పదం ఎత్తుకుంది. రాగం సాగుతుంటే వాకిట్లో విన్నవి విన్నట్టే వచ్చాయి. గంగమణి కలిపిన మాటలూ వచ్చాయి. బిడ్డ శైలు చదువు ఎక్కడుందంటే నా చాటలో ఉన్నదని, షార్జాలో ఉన్నవాడు బిడ్డ బడికి పోతున్నదనుకుంటున్నాడని.

"పేర్లు గిట్ల వెట్టచ్చునా అక్కా?" అని నాగేందర్ అడిగాడు.

"వాళ్లకు తెలుగొస్తదా ఏంది?" అన్నది సువార్త.

టిమోకు తెలుగు రాదు. నిజమే. కానీ చాలా బాగుందని అంతమంది రాస్తే ఆ మురిపెంలో ఆమె లింకు సాలోమోనుకూ పంపింది. అతను ఎవరిదో ల్యాప్‌టాప్ అడిగి తెచ్చి, నా భార్య చూడండని గదిలో అందరికీ పెట్టాడు. ఆ గదిలో లక్ష్మీరాజం ఉన్నాడు.

గంగమణి బిడ్డ శైలజ అప్పటికి ఏడాదిగా బడికి పోవడం లేదు. గంగమణి కుడిచేతి బొటనవేలు మొద్దుబారింది. ముప్పై ఏళ్లు అదే వేలితో అదే మడత మడిస్తే ఏ వేలైనా అంతే. బీడీలు తగ్గితే బీడీ కార్మికురాలి కార్డు తీసేస్తానని టేకేదారు అన్నాడు. కార్డు పోతే ఇన్నేళ్ల పీఎఫ్, బీడీ దవాఖాన అన్నీ పోయినట్టే. కాబట్టి తల్లి పేరు మీద బిడ్డ చుట్టింది. కార్డు బీడీలను లెక్కపెడుతుంది, అవి చుట్టిన చేతుల వయసు అడగదు. ఈ సంగతి టేకేదారుకు తెలుసు, ఊరందరికీ తెలుసు. తెలియనిది షార్జాలో ఉన్న తండ్రి ఒక్కడికే.

లక్ష్మీరాజం ఫోన్ చేసి గంగమణిని నోటికొచ్చినట్టు తిట్టాడు. మర్నాడు సువార్త చాట పట్టుకొని వచ్చేసరికి గంగమణి గోనెపట్టా మళ్లీ దూరంగా జరిపి ఉంది.

"అక్కా, నేను కావాలని..."

"మాట్లాడకు. నీకు పక్కన చోటిచ్చిన. నువ్వు నన్ను లోకమంతటికి ఇచ్చినవ్."

లింగవ్వ ఆ మధ్యాహ్నం పదం ఎత్తుకోలేదు. తర్వాతి రోజులూ అంతే. పదిమంది ఆడవాళ్ల మధ్య కత్తెరల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తను ఉన్నంతసేపు అక్కడ పాట పుట్టదని సువార్తకు అర్థమైంది.

ఆమె వెళ్లి వీడియో తీసేయించింది. అంతటితో పోలేదు. టిమో ఆ పాట నేర్చుకొని, తన వంటింట్లో కూర్చొని, 'షైలూ, షైలూ' అని పాడి పెట్టాడు. ఇంకో ఇద్దరు అతన్ని చూసి నేర్చుకున్నారు. సువార్త తీసేయమని రాయిస్తే ఒకతను వాదానికి దిగాడు. జనం పాట ఎవరి సొత్తూ కాదు, అందరిదీ అన్నాడు. మంచి మాటే. పాటల మీద హక్కుల బోర్డులు పాతేవాళ్లతో మనమూ అదే మాట అంటాం.

నాగేందర్ కీబోర్డు మీద చేతులు పెట్టి, "ఏం రాయాలె అక్కా?" అన్నాడు.

"పాట అందరిదే అని రాయి. శైలు మాత్రం గంగమణి బిడ్డ అని రాయి."

అదే రాశాడు. టిమో ఆ రోజే తన వీడియో తీసేశాడు. నేను ఇన్నాళ్లూ ఏం పాడానో చెప్పగలవా అని అడిగాడు. ఆమె చెప్పించింది. అతను క్షమించమన్నాడు. మిగిలిన ఇద్దరూ తీసేశారు, వాదించినతను కూడా వాదం మానుకున్నాడు.

ఆ కబురుతో గంగమణి ఇంటికి వెళ్లింది. గంగమణి పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"అంతట తీసేసిన్రు అక్కా."

"మా ఆయన చెవులకెళ్లి తీసినవా?"

తలుపు దగ్గర ఆకు కత్తిరిస్తున్న శైలజ తలెత్తింది. పదిహేనేళ్ల పిల్ల.

"తెలిస్తె ఏమైందే అమ్మా? నా పేరు తీసేస్తే నేను బడికి వోయినట్టు అయితదా?"

"నువ్వు నోరు మూసుకో."

"మూసుకునే ఉన్న. ఏడాది నుంచి మూసుకునే ఉన్న."

గంగమణి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పిల్ల మళ్లీ ఆకు మీదికి వంగింది. సువార్త వచ్చేసింది.

ఆ వారంలో సాలోమోను హెడ్‌ఫోన్లలో ఒక సంగతి చెప్పాడు. లక్ష్మీరాజం తిట్టిన రోజే మళ్లీ వచ్చి వీడియో పెట్టమన్నాడట. మర్నాడూ అడిగాడట. అందులో నీ పిల్ల లేదురా, మా ఆమె ఒక్కతే ఉందంటే, ఎక్కడన్నా వెనకాల కనిపిస్తుందేమో చూస్తా అన్నాడట. "ఇప్పుడు అది లేదంటే ఎట్లనో చూసిండు నా మొఖంలకు. ఎందుకు తీసినవే?" అని అడిగాడు సాలోమోను.

క్షమాపణ మాటలతో పని కాదని మాత్రం తేలింది. మర్నాడు తను చుట్టిన బీడీ కట్టల్లో కొన్ని తీసి గంగమణి చాటలో పెట్టింది. గంగమణి వాటిని తీసి నేల మీద పడేసింది. రెండో రోజు మళ్లీ పెట్టింది. గంగమణి పక్కకు జరిపింది.

"ఏందిది? బిచ్చమా?"

"కార్డు నిలవడాలె అక్కా. పిల్ల చెయ్యి లేకుంట నిలవడాలె."

"నీ లెక్క తగ్గదా?"

"తగ్గుతది."

లింగవ్వ కత్తెర ఆపి ఇద్దరినీ చూసింది. తన చాటలోంచి ఒక కట్ట తీసి గంగమణి చాటలోకి విసిరింది. "ఇయ్యాల దీని వేలు మొద్దువారింది. రేపు నాది, ఎల్లుండి నీలవ్వది. టేకేదారు ఒక్కొక్కదాని కార్డు గుంజుకుంటుంటే మనం పాటలు వాడుకుంట కూసుందామా?" అన్నది. పక్కనున్న నీలవ్వ నోట్లో ఏదో గొణుక్కుంటూనే తనది కూడా వేసింది. ఆ సాయంత్రం గంగమణి తట్ట నిండిపోయింది. టేకేదారు లెక్క చూసి, ఎవరు చుట్టారని అడగలేదు. ఇన్నాళ్లూ అడగనివాడు ఇప్పుడెందుకు అడుగుతాడు?

జూన్‌లో శైలజ మళ్లీ పదో తరగతిలో కూర్చుంది. తనకంటే చిన్నపిల్లల మధ్య. బడికి పోవడం ఒక్కటే ఆమెకు దొరికింది. పోయిన ఏడాది ఎవరూ తిరిగి ఇవ్వలేదు. కట్టలు పంచుకోవడం గొప్ప సంగతే కానీ, అది జరగవలసిన న్యాయం కాదు. బీదవాళ్లు తమ వంతు దానిలోంచి ఇంకొంచెం తీసి ఇంకో బీదరాలికి ఇచ్చారు. ఇవ్వవలసినవాళ్లు ఇంకా ఇవ్వలేదు.

ఫోరంలో మళ్లీ నెల పాట అడిగారు. సువార్త ఈసారి ముందు లింగవ్వను అడిగింది.

"మాటలు లేకుంట, ఉత్త రాగం పంపాల్నా అవ్వా?"

"రాగానికి ఎవల పేరుంది? పంపు. మంచిగ వాయించు గని, మా ఇజ్జత్ తియ్యకు."

పంపింది. టిమో నేర్చుకున్నాడు, ఇంకెవరెవరో నేర్చుకున్నారు. ఏ దేశంలో ఏ వంటింట్లో అది వినిపిస్తుందో లింగవ్వకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

అయినా వాకిట్లో పాట మొదలవలేదు. కట్టలు వేరు, నమ్మకం వేరు. అందుకే సువార్త ఒక పని చేసింది. అన్నాలు తిన్నాక చాట పట్టుకొని లేచిపోయేది. గల్లీ మలుపు తిరిగేసరికి వెనక లింగవ్వ గొంతు లేచేది. తన వల్ల వాళ్ల పాట ఆగకూడదని లేచేది కానీ, ఆ గొంతు వినబడినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది. వానాకాలం సగం అలాగే గడిచింది.

ఒకరోజు లేవబోతుంటే ఎవరో కొంగు పట్టుకున్నారు. గంగమణి.

"ఏడికి వోతున్నవ్?"

"ఇంటికి అక్కా."

"ఇంట్ల ఏమున్నది? గోడలున్నయి. కూసో." కొంగు వదలకుండానే లింగవ్వ వైపు తిరిగింది. "ఎత్తుకో అవ్వా. ఇయ్యాల నా వంతు ముందు."

లింగవ్వ ఎత్తుకుంది. గంగమణి తన రెండు మాటలు కలిపింది. మొగుడి గురించో, బిడ్డ గురించో, వేలి గురించో, ఏం కలిపిందో ఆ వాకిట్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. సువార్త కూడా విన్నది. ఆ సాయంత్రం షార్జా నుంచి సాలోమోను ఇవాళ్టి ముచ్చట్లేమిటని అడిగితే, వాన పడ్డదని చెప్పింది.