జోడికి ఒకే ఫారం

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. కుట్టుమిషన్ ఆపినా నా కాలు ఆగదు, ఆడుతూనే ఉంటుంది. "నీ కాళ్ల కింద నిప్పులేమన్న ఉన్నయా" అని మా అమ్మ విసుక్కునేది. ముంబైలో, కామాఠీపురాలో మేముండేది ఒక్క గది. అందులో నా మిషన్, ఫాల్ కుట్టాల్సిన చీరల మూటలు పోగా తిరగడానికి చోటెక్కడిది? అందుకే బయట గ్యాలరీలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాను. నా చెప్పుల చప్పుడు వరుసగదుల మా చాల్ మొత్తానికీ తెలుసు. రెండేళ్లుగా ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. దానికి కారణం ఒకే ఒక్క మాట. ఆ మాట నేనే రాశాను, నా చేత్తో, గుండ్రటి అక్షరాలతో.

నేను ఆ మాట రాసే బల్ల దగ్గరికి ఎలా చేరానో ముందు చెప్పాలి. మా ఇంట్లో యూనియన్ అనే మాట తిట్టుతో సమానం. మా నాన్న వర్లిలో మిల్లు కార్మికుడు. మిల్లు మూతబడ్డాక "యూనియన్ లేదు, సింగినాదం లేదు, అందరు కల్సి మా కడుపు కొట్టిండ్రు" అని రోజుకోసారి అనేవాడు. మరి వారానికో రోజు సెలవు, పండక్కి బోనస్, ఇన్ని గంటలే పని అనే లెక్క ఎవరిచ్చారు నాన్నా అని ఒకసారి అడిగాను. "అవి మొదట్నించే ఉన్నయి" అన్నాడు. మొదటి నుంచీ ఉన్నది ఏదీ లేదనీ, ఎవరో ఒకరు నిలబడి అడిగితేనే వచ్చిందనీ నాకు తెలిసేసరికి నాన్న లేడు. ఉంటే ఆయనతో గట్టిగా పోట్లాడి ఉండేదాన్ని.

మా వీధి నుంచి గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు పోయే దారిలో కూలీల నాకా, అంటే అడ్డా, ఉంది. పొద్దున ఏడున్నరకల్లా పాలమూరు నుంచి వచ్చినవాళ్లు పారలు, తట్టలు పట్టుకుని నిలబడతారు. మేస్త్రీలు వచ్చి ఎవరికి కావలసినవాళ్లను వాళ్లు ఏరుకుని తీసుకుపోతారు. ఆ నాకాలో ఒక సంఘం ఉంది. దాన్ని నడిపే పెద్దాయన ఒకప్పుడు మునిసిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుడు. అందరూ ఆయన్ను కాకా అంటారు. ఒకరోజు నన్ను దారిలో ఆపి, "నీకు మరాఠీ మంచిగ రాయనొస్తది, వీళ్ల తెలుగు సమజైతది. ఐతవారం రెండు గంటలు కూసుంటె నీ సొమ్మేం పోతది?" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేని మనిషిని ఆయన సరిగ్గా చూసి మరీ పట్టుకున్నాడు. మా నాన్న ఫోటోకు చెప్పకుండా వెళ్లాను.

పని తేలికే. ఏడాదిలో తొంభై రోజులు కట్టడం పని చేసినట్టు కాంట్రాక్టర్ సంతకం పెట్టిన కాగితం జతచేసి ఫారం నింపితే, ప్రభుత్వం కార్మికుడిగా కార్డు ఇస్తుంది. ఆ ఫారం మరాఠీలో ఉంటుంది. నేను అడుగుతాను, వాళ్లు చెబుతారు, నేను రాస్తాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉందని ఆఫీసులో గుమాస్తా మెచ్చుకున్నాడని కాకా చెప్పినప్పుడు, నేను కొంచెం పొంగిపోయిన మాట నిజం.

ఇక్కడ నాకా పద్ధతి ఒకటి చెప్పాలి. పాలమూరు వాళ్లను మేస్త్రీలు ఒక్కొక్కరిగా పిలవరు, జోడీలుగా పిలుస్తారు. జోడి అంటే మొగుడూ పెళ్లాం. "ఆరు జోడీలు కావాలె" అని కేక వేస్తే ఆరు జంటలు ట్రక్కు ఎక్కుతాయి. ఆయన తాపీ పట్టినా, గోడ పగలగొట్టినా, ఆమె తట్ట మోస్తుంది. హాజరు చీటీలో ఆయన పేరు ఉంటుంది, పక్కన జోడి అని ఉంటుంది. అంతే. ఆమె పేరు ఎవరూ అడగరు. ఇంట్లో జుట్లు పట్టుకున్నా సరే, నాకాలో మాత్రం పక్కపక్కనే నిలబడతారు. జోడి విడిపోతే పని దొరకదు. కాంట్రాక్టర్ కూడా తొంభై రోజుల కాగితం జోడికి ఒకటే ఇచ్చేవాడు. కనుక ఫారం కూడా జోడికి ఒకటే. కార్మికుడి గడిలో మొగుడి పేరు రాసేదాన్ని. కుటుంబం వివరాల్లో భార్య పేరు రాసి, ఆమె వృత్తి అన్నచోట "గృహిణి" అని రాసేదాన్ని. పొద్దంతా తట్ట మోసి మెడ పట్టేసిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉంటే, ఆమె ముఖం చూసి మరీ రాసేదాన్ని. ఎన్ని ఫారాల మీద రాశానో నాకే తెలియదు.

అలా రాసినవాళ్లలో ఒకామె ఉంది. పాతికేళ్లు దాటి ఉంటాయి. నన్ను అక్కా అంటుంది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. వాళ్ల మేస్త్రీ ఆమెకు సొంత మేనమామే. ఆ ఊరివాళ్లందరి కాగితాలూ పోకుండా అతని రేకుపెట్టెలోనే ఉండేవి. మనవాడి దగ్గర ఉంటే బ్యాంకులో ఉన్నట్టే అనేవారు.

వానాకాలం ముందు, వర్లిలో ఒక పాత చాల్ మరమ్మతు జరుగుతున్నప్పుడు పైన స్లాబ్ వేస్తున్నారు. ఇరుకు సందులో యంత్రం పట్టదు. కింద కలిపిన కాంక్రీటు చేతుల మీదే పైకి పోవాలి. పదిమంది ఆడవాళ్లు కింది నుంచి పరంజి మీదుగా వరుసగా నిలబడి, తట్ట ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి అందిస్తున్నారు. పరంజి మలుపులో ఈమె ఉంది. కాలి కింద పలక జరిగింది. ఆమె కింద పడింది. కుడి మోచేయి నుజ్జయింది.

కాంట్రాక్టర్ ఆస్పత్రిలో చెప్పిందేమిటో తెలుసా? ఆమె తన కూలీ కాదట. మొగుడికి అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి జారిపడిందట. కూలీ అని తేలితే వైద్యం అతనే చేయించాలి, పరిహారం ఇవ్వాలి. డబ్బా తెచ్చిన ఇల్లాలైతే అతనికేం సంబంధం లేదు. రుజువుగా ఒక జిరాక్స్ కాగితం చూపించాడు. మేనమామ రేకుపెట్టెలోంచి వచ్చిన కాగితం. అందులో ఆమె పేరు పక్కన నా ముత్యాల దస్తూరీలో గృహిణి అని ఉంది.

నేను ఆస్పత్రికి పోయాను. ఆమె చేతికి కట్టు ఉంది, ముఖం వాచిపోయింది. మొగుడు మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. మేనమామ కూడా అక్కడే ఉన్నాడు. "ఇంట్ల మాట ఇంట్లనే సదురుకుందం. సేటుతోని గొడవ పెట్టుకుంటె రేపు ఊరోళ్లకు పనెవ్వడిస్తడు? డబ్బ తెచ్చిన అని చెప్పమ్మా, అయిపోతది" అని ఆమెకు నచ్చజెబుతున్నాడు. అతను దుర్మార్గుడని అనలేను. మేనకోడలికి నీళ్లు తాగించింది అతనే. భయం మనిషి చేత ఎంతదాకా మాట్లాడిస్తుందో నాకు ఆ రోజు తెలిసింది.

ఆమె నావైపు తిరిగి, "అక్కా, నువ్వే రాసినవ్ గదా?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను అవునన్నాను. "నేను పని జేస్తనని నీకెర్కనే గదా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి వచ్చి గ్రాంట్ రోడ్ దాకా నడిచాను, మళ్లీ వెనక్కి నడిచాను. బస్సు ఎక్కి కూర్చోవడం నా వల్ల కాలేదు.

కాకా నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. ఒక్కటే అడిగాడు. "ఆ దినం తట్ట ఎవరి చేతిలకెల్లి ఎవరి చేతికి పోయింది?" నాకు అర్థం కాలేదు. "హాజరు చీటీ అబద్ధమాడొచ్చు. వరుస ఆడదు. ఆ తొమ్మిదిమందిని కనుక్కో" అన్నాడు.

తొమ్మిదిమందీ దొరికారు. ఆరోజు ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో అందరికీ గుర్తుంది. పక్కమనిషి చేతులు చూసుకుంటూనే కదా పని చేసేది! కానీ సాక్ష్యం అనేసరికి మొగుళ్లు వెనక్కి లాగారు. ఆ మేనమామ మేస్త్రీ ముందే చెప్పేశాడు: "సాక్ష్యం చెప్పినోళ్ల జోడి నా ట్రక్కు ఎక్కది." తొమ్మిది జోడీలంటే పద్దెనిమిది మంది. వాళ్లు మాత్రమే ఎదురు తిరిగి ఉంటే ఆ వారమే పస్తులుండి, పైవారం ఊరి రైలెక్కేవాళ్లు. అది నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఆదివారం నాకాలో సంఘం కూర్చుంది. మర్నాడు పొద్దున ఆ మేస్త్రీ వచ్చి "ఆరు జోడీలు" అని కేక వేశాడు. ఎవరూ కదల్లేదు. మావాళ్లేనా అంటే కాదు, మరాఠీవాళ్లు, మన భాష ఒక్క ముక్క రాని బీహారువాళ్లు కూడా కదల్లేదు. అతను కూలి రేటు పెంచాడు. తిట్టాడు. బతిమాలాడు. మూడు రోజులు అలాగే. ఆ మూడు పొద్దులూ నేను చీరలు కుట్టకుండా నాకాలోనే అటూ ఇటూ తిరిగాను. ఎవరైనా ట్రక్కు వైపు ఒక అడుగు వేస్తారేమోనని అందరి కాళ్లవైపే చూసేదాన్ని. ఒకాయన అడుగు వేశాడు కూడా, బీడీ పారేయడానికి. నాకు ప్రాణం పోయినంత పనైంది. నాలుగో రోజున మేస్త్రీ ట్రక్కు దిగి, కాకా పక్కన మెట్టు మీద కూర్చుని, "చెప్పుకోండ్రి, నేను అడ్డం రాను" అన్నాడు.

లేబర్ ఆఫీసులో అధికారి గది చిన్నది. తొమ్మిదిమంది ఆడవాళ్లు గోడ పొడుగునా నిలబడ్డారు. నేను చెప్పలేదు, కాకా చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే ఆరోజు నిలబడ్డ వరుసలోనే నిలబడ్డారు. ఐదుగురు, తర్వాత ఒక మనిషి పట్టేంత ఖాళీ, తర్వాత నలుగురు. అధికారి ఒక్కొక్కరినే అడుగుతుంటే నేను మరాఠీలోకి చెబుతున్నాను. ఐదో ఆమె వంతు వచ్చింది.

"తట్ట ఎవరికి అందించావు?"

"గీడ నిలబడ్డామెకు" అని పక్కనున్న ఖాళీ చూపించింది.

ఖాళీకి అవతలున్న ఆమెను అడిగాడు. "నా చేతికి ఆమెనే ఇచ్చింది" అని ఆమె కూడా అదే చోటు చూపించింది.

కాంట్రాక్టర్ తరఫున వచ్చినతను లేచి జిరాక్స్ బల్ల మీద పెట్టాడు. అధికారి అది చదివి, ఇది రాసిందెవరని అడిగాడు. నా కాళ్లు ఆ ఒక్కసారి కదలకుండా నిలబడ్డాయి.

"నేనే సార్. జోడికి ఒకే ఫారం అలవాటు. ఆమెను అడగకుండా రాశాను. తప్పు నాది."

ఆయన నన్నూ ఆ వరుసనూ చూశాడు. తర్వాత కాంట్రాక్టర్ మనిషిని అడిగాడు. "ఆమె అన్నం తెచ్చిన మనిషైతే, తట్ట ఐదో ఆమె దగ్గర నుంచి ఖాళీకి అవతలున్న ఈమె దగ్గరికి ఎలా చేరింది?" అతను ఫోన్ చూసుకున్నాడు. అధికారి ఆమెను ఆ పనిలో ఉన్న కార్మికురాలిగా రాసుకున్నాడు.

అన్నీ చక్కబడలేదు. పరిహారం కోసం తిరుగుడు ఇంకా ఉంది. ఆపరేషన్ అయితే కాంట్రాక్టరే చేయించాడు కానీ ఆమె మోచేయి పూర్తిగా సాగదు. తట్ట మోయలేదు కనుక ఇప్పుడు సైట్‌లో ఇసుక జల్లిస్తోంది. కాగితాలు రేకుపెట్టెలోంచి బయటికొచ్చి ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి. జోడికి ఇప్పుడు రెండు ఫారాలు. పాతవన్నీ దిద్దుతూ ప్రతి ఆదివారం కూర్చుంటున్నాను.

మొన్న ఆమె వంతు వచ్చింది. రాస్తుంటే బల్ల మీదికి వంగి, "గిప్పుడేం రాసినవ్?" అంది.

"బాంధకామ్ కామ్‌గార్. అంటే కట్టడం పని చేసే కార్మికురాలు."

"మల్ల జదువు."

మళ్లీ చదివాను. ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. లేచి పోతుందనుకున్నాను. పోకుండా నన్నే చూసింది.

"అక్కా, నీ కార్డుల ఏముంది?"

"నాకెందుకే కార్డు? నేను కూలికి పోతనా?" అని నవ్వాను.

"మరి దుకాణపోళ్ల చీరలు ఎవరు కుడుతరు?"

ఇరవై ఏళ్లుగా ఒకే దుకాణానికి చీరలకు ఫాల్ కుడుతున్నాను. అక్కడ ఏ పుస్తకంలోనూ నా పేరు లేదు. మా రేషన్ కార్డులో నా పేరు పక్కన ఏముందో నాకు తెలుసు. అది కూడా నేనే నింపాను, ఇదే దస్తూరీతో. నా కాలు బల్ల కింద ఆడటం మొదలుపెట్టింది, బల్లంతా కదిలింది. కట్టలోంచి ఇంకో ఫారం తీశాను. అది కట్టడం పనివాళ్లది, నాకు పనికిరాదు. వెనక్కి తిప్పి, ఖాళీ వైపున నా పేరు రాశాను. పక్కన ఏం రాయాలో తెలియక కలం ఆగిపోయింది. రోడ్డు మీది గాలికి కాగితం ఎగురుతుంటే ఆమె ఎడమ చెయ్యి దానిమీద పెట్టి అదిమి పట్టుకుంది.

"రాయక్కా, నేను పట్కున్న" అంది.