నవ్వుల తరగతిలో ఏడ్చిన ఫోనన్న

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే కనీసం కాస్త తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. అయినా నంద్యాలలో విత్తనాల కంపెనీలో చేసిన నా మొదటి ఉద్యోగం తలుచుకుంటే గత జన్మలా అనిపిస్తుంది కాబట్టి ఆ రోజుల్లోనే అంటాను. ఆ రోజుల్లో మనసు బాగాలేదని ఆఫీసులో చెప్పే పద్ధతి లేదు. జ్వరమని చెప్పాలి, లేదా దూరపు బంధువునెవరినైనా చంపాలి. (నేను చంపిన మామ ఇప్పటికీ ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగుతూ కనబడతాడు. ఆరోగ్యం బాగానే ఉంది.)

మా కంపెనీలో ఒక ఫోను ఉండేది. విత్తనాల సంచి మీద అచ్చేసిన నంబరు దానిదే. గింజ మొలవకపోయినా, పూత రాలినా, ఆఖరికి వాన పడకపోయినా రైతులు ఆ నంబరుకే చేసి తిట్టేవాళ్లు. దాన్ని ఎత్తే పని మా సీనియర్ ఒకాయనది. అందుకే ఆయన అందరికీ ఫోనన్న. ఆయనదీ నాదీ ఆళ్లగడ్డే, రోజూ ఒకే బస్సులో వచ్చిపోయేవాళ్లం. నెమ్మదైన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. అవతలి మనిషి ఏడు తరాలనూ పేరుపేరునా తిడుతున్నా "సరే నాయనా, మనిషిని పంపిస్తా నాయనా" అనేవాడు. ఆ ఓపిక చూసి మురిసిపోయిన మా సార్ (కంపెనీ ఓనరు) ఫోనును ఆయన మెడకే కట్టి మర్చిపోయారు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఫోను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతూనే ఉండేది. ఫోనన్న మధ్యాహ్నం క్యారియర్ తెరవడం మానేశాడు. బస్సులో ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడేవాడు. ఒకనాడు వాళ్లావిడ బజారులో నన్ను ఆపింది. "ఏమబ్బీ, మీ అన్న చర్చిలో గూడ నోరు తెరవడంల్యా. ఆడ ఏం జరుగుతాంది?" అంది. "తిట్లతోనే కడుపు నిండుతాండాది వదినా, ఇంక అన్నం యాడ పడతాది?" అన్నాను, పెద్ద చమత్కారం వెలగబెట్టినట్టు. వదిన నవ్వలేదు.

మర్నాడు బస్సులో ఫోనన్నే నోరు విప్పాడు. "అబ్బీ, ఈ నెలతో మానేస్తాండా. ఫోను మోగితే చాలు, గుండె దడదడ అంటాంది. నిద్ర రావడంల్యా."

"మానేసి ఏం చేస్తావన్నా?"

"తెలీదప్పా. ఈ వయసులో నాకెవరు పనిస్తారు? పిల్ల చదువు మధ్యలో ఉండాది. అయినా ఈడే ఉంటే నేను మిగలను."

ప్రతిదానికీ ఒక ఎకసెక్కం జేబులో పెట్టుకు తిరిగే నాకు, ఆ రోజు జేబులో ఏమీ దొరకలేదు. 

సరిగ్గా ఆ వారమే మా సార్ హైదరాబాదులో ఏదో మీటింగుకు వెళ్లి, సిబ్బంది మనసు బాగుంటేనే కంపెనీ బాగుంటుందని విని వచ్చారు. మాట నిజమే. కాకపోతే ఆ మాటతో పాటు ఒక నవ్వుల మాస్టరును కూడా కారులో ఎక్కించుకొచ్చారు. పొద్దున్నే గోడౌను ముందు అందరం వరసగా నిలబడి చేతులు పైకెత్తాలి. మాస్టరు ఒక విజిల్ వేస్తే హహహ, ఇంకోటి వేస్తే హోహోహో. "సార్, మూట దించి నగాల్నా, మోస్తానే నగాల్నా?" అని ఒక హమాలీ నిజాయితీగా అడిగాడు. దించే నవ్వమన్నారు. మేమంతా ఎంత ఆనందంగా ఉన్నామో ఊరికి తెలియాలని గేటు కూడా బార్లా తెరిపించారు.

ఆ గేటులోంచే వచ్చాడు పాములపాడు రైతు ఒకాయన, తడి తువ్వాల్లో మొలకెత్తని గింజలు మూటగట్టుకుని. వచ్చి చూస్తే ఏముంది, కంపెనీ మొత్తం ఆకాశంకేసి చేతులెత్తి నవ్వుతోంది.

"ఏందిది? ఇత్తనాలు మొలవక మేమాడ ఏడుస్తాంటే, మీరీడ చేతులెత్తి నగుతాండారా?"

మాస్టరు కంగారులో రెండో విజిల్ వేశాడు. మేం హోహోహో అన్నాం. (క్రమశిక్షణ అలాంటిది.)

రైతు తువ్వాలు నేలకేసి కొట్టాడు. గింజలు చెల్లాచెదురయ్యాయి. అందరి చూపులూ అలవాటుగా ఫోనన్న మీదికే పోయాయి. ఆయనా అలవాటుగానే ముందుకు వచ్చాడు. "సరే నా..." అన్నాడు. మిగతా మాట రాలేదు. పక్కనున్న మూట మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు.

రైతు బిత్తరపోయాడు. "ఏమప్పా, నేనింకా తిట్టనే లేదు గదా!" అంటూ వెళ్లి పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యేశాడు. తర్వాత సార్ వైపు తిరిగాడు. "ఏం సామీ, దినామూ నేను తిట్టేది ఈ మనిషినే, గొంతు గుర్తుపట్టినా. మేమంటే కడుపు మండి తిడతాం. మీ మనిషికి బాగలేదంటే మీరు చూసుకోవద్దా?"

సార్ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "సార్, ఇక దించొచ్చు" అన్నాను మెల్లగా. అంతలో లోపల ఫోను మోగింది. ఫోనన్న చెవులు మూసుకున్నాడు. ఎవరూ కదల్లేదు. నాకెక్కడి ధైర్యమో తెలీదు, "ఈ ఒక్క దినం మీరెత్తండి సార్" అనేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సార్ లోపలికి నడిచారు.

"నేను ఓనరును మాట్లాడుతున్నా" అన్నారు గంభీరంగా. అదే ఆయన చేసిన పొరపాటు. ఇన్నాళ్లూ ఓనరు దొరక్క జనం దాచిపెట్టుకున్నవన్నీ ఆ రోజే బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి సార్ కూడా "సరే నాయనా" అంటున్నారు. భోజనం ముట్టలేదు.

సాయంత్రం ఉపన్యాసం ఉంటుందనుకున్నాం. లేదు. మాస్టరును బస్సెక్కించి వచ్చి, ఇకమీదట ఫోను వంతులవారీగా ఎత్తాలనీ, అందులో తన వంతూ ఉంటుందనీ, పొద్దు గూకితే ఆపేయాలనీ, గట్టిగా తిట్లు తిన్నవాళ్లు ఎవరినీ అడక్కుండా లేచి టీకి పోవచ్చనీ చెప్పారు. పాములపాడుకు మనిషి వెళ్లి చేను చూసి వేరే సంచులిచ్చి వచ్చాడు. ఫోనన్నకు జీతం కోత లేని సెలవిచ్చి, మనసుకు మందిచ్చే డాక్టరు దగ్గరికి పోదామన్నారు.

"పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినానంటే ఊర్లో ఏమనుకుంటారు సార్?"

"నాకూ పొద్దున్నుంచీ దడగానే ఉండాది. తోడు రాప్పా. ఎవరన్నా అడిగితే సార్‌కే బాగలేదని చెప్పు."

ఇద్దరూ వెళ్లారు. ఇద్దరికీ మాత్రలు రాశారట. (సార్‌కు రాసింది బీపీకి.)

ఫోనన్న తేరుకుని పనిలోకి వచ్చేసరికి వంతుల్లో నా పేరు వచ్చింది. తిట్టేవాళ్లను నవ్వించి పంపేస్తానని ప్రకటించి మరీ కూర్చున్నాను. మొదటి ఫోను కొత్తపల్లె రైతుది. నా మొదటి జోకు పూర్తి కాకముందే ఆయన తిట్లు మొదలుపెట్టాడు. సాయంత్రం బస్సులో నేను ఉలకలేదు, పలకలేదు. ఫోనన్న కాసేపు చూసి, వేరుశనక్కాయల పొట్లం నా ఒళ్లో పెట్టాడు.

"ఎవరబ్బీ, కొత్తపల్లె ఆయనా?"

"ఊఁ."

"ఎన్ని తరాలు తిట్టినాడు?"

"మా నాయన వరకే."

"అంతేనా! ఇంకా కొత్త గదా నువ్వు. సర్వీసు పెరిగేకొద్దీ తాతల్దాకా పోతాడులే."

ఆయన నోట నేను విన్న మొదటి జోకు అదే. నిజం చెప్పాలంటే నా జోకులంత గొప్పదేం కాదు. కానీ ఆళ్లగడ్డ వచ్చేదాకా పిచ్చివాడిలా నవ్వుతూనే ఉన్నాను, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు ఎవరైనా పక్క సీట్లో మాట్లాడకుండా కూర్చుంటే, జోకు వేయడానికి ముందు ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ క్షణంలో, ప్రపంచంలో నవ్వించడం తన ఒక్కడికే వచ్చనుకున్న ఆనాటి కుర్రాడు, అంటే నేనే, చేతిలో వేరుశనక్కాయలు ఒలవడం కూడా మర్చిపోయి, కిటికీ పక్కన కనబడతాడు.