వంతు లేని వల

కరోనా సెలవుల తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది. నేనప్పుడు పులికాట్ సరస్సు ఒడ్డున ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. తడలో అద్దెకుండి, రోజూ షేర్ ఆటోలో బడికి పోయేదాన్ని. చిత్తూరులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి మొదటి నెలంతా ఎండుచేపల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత ఆ వాసన మొదలైతేనే బడి దగ్గరకొచ్చిందని గుర్తు. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఆ గాలి కోసం నా మనసు పీకుతుందని అప్పుడెవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని.

తొమ్మిదో తరగతిలో సుగుణ అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాయన సరస్సులో వేటకు పోతే, వాళ్ళమ్మ కన్నియమ్మ ఆ చేపల్ని గంపకెత్తుకొని తడ వీధుల్లో అమ్మేది. వారానికి రెండుసార్లు ఆ గంప నా గుమ్మం ముందు దిగాల్సిందే.

ఒక సోమవారం నా ఫోనుకో వీడియో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'పులికాట్' అని ఉంది. ముందు పడవలు, వలలు. చివర్లో ఒడ్డునిండా చచ్చి తెల్లగా పడున్న చేపలు. నీళ్ళలో విషం కలిసింది, ఈ చేపలు తినకండి అని ఎవరిదో గొంతు. చరిత్ర పాఠంలో శాసనం పేరెత్తితే చాలు, 'సోర్స్ ఏది?' అని పిల్లల ప్రాణం తీసేదాన్ని. సోర్స్ అంటే ఆధారం: ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ అన్నది. ఆ మాట ఫోనుకు కూడా వర్తిస్తుందని మాత్రం నాకు తోచలేదు. మర్నాడు కన్నియమ్మ వస్తే, "ఇంట్లో వ్రతం కన్నియమ్మా, ఈ వారం వద్దు" అన్నాను. వీధి వీధంతా ఇలాంటి సాకులే చెప్పినట్టుంది. గంప ఎత్తింది ఎత్తినట్టే తిరిగిపోయింది.

సుగుణ నాలుగు రోజులు బడికి రాలేదు. ఐదో రోజు లైబ్రరీ పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది.

"అమ్మ రొయ్యల షెడ్డుకు పోతాండాది టీచర్. సోమవారం నుంచి నేనూ పోతా, తలకాయలు తీసేదానికి."

"చదువు?"

"చేపలు ఎవురూ కొనడంలేదు టీచర్. ఆ వీడియో అందరికీ పంపించింది నేనే." పుస్తకం బల్ల మీద పెట్టింది. "పైన మన పులికాట్ పేరుండాది. మన ఊరు ఫోన్లో వచ్చిందని సంబరపడిపోయి, పడవలు కనపడేదాకా సూసి పంపించేసినా. క్లాసు గ్రూపుకి, అమ్మ ఫోన్లో ఉండే తడ వాళ్ళందరికీ. చివరిదాకా సూడలా."

తిట్టడానికి నోరు తెరిచాను, కానీ నా వ్రతం గుర్తొచ్చింది. షెడ్డుకు పోయిన ఆడపిల్లలు మళ్ళీ బడికి రావడం నేను చూడలేదు. భయమేసింది. పిల్లను చెయ్యి పట్టుకొని క్లాసుకు తీసుకుపోయి, బడి టీవీలో ఆ వీడియో పెట్టాను. 'సోర్స్?' అని బోర్డు మీద రాసి, "చూసింది చెప్పండి. విన్నది వద్దు" అన్నాను.

నాలుగోసారి వేసినప్పుడు చెంగయ్య లేచాడు. మార్కుల్లో ఎప్పుడూ వెనకే, సరస్సు విషయంలో మాత్రం మా అందరికీ గురువు.

"ఇది మనది కాదు టీచర్. ఒకే చోట ఎనిమిది పడవలోళ్ళు వలలేస్తాండారు సూడండి. ఈడ అట్లా వేస్తే ఊరు ఒప్పుకుంటాదా? వంతు ఎవురిది?"

అక్కడి కట్టుబాటు అది. మంచి వేట దొరికే చోట ఊరి పెద్దలు చీట్లు తీసి వంతులు వేస్తారు. ఈ రోజు ఒకరు, రేపు ఇంకొకరు. వంతు తప్పి వల దించినవాడికి ఊళ్ళో ముఖం చెల్లదు. ఇక పిల్లలు ఆగలేదు. అంత పెద్ద ఇంజను పడవ ఇక్కడి నడుముల్లోతు నీళ్ళలో తిరగదని ఒకరు, మనవాళ్ళు గెడేసి తోసుకుంటూ పోతారు కదా అని ఇంకొకరు. "వెనక కొండ ఉండాది టీచర్, మనకు కొండ యాడిది?" అంది సుగుణ. ఏళ్ళ తరబడి మ్యాప్ పాయింటింగ్, అంటే పటంలో చోటు గుర్తించడం, నేర్పినదాన్ని. నాకు ఆ కొండ కనపడనే లేదు.

సుగుణ తాను ఎవరెవరికి పంపిందో వాళ్ళందరికీ మళ్ళీ రాసింది: నేను పంపింది తప్పు, అది మన సరస్సు కాదు, కారణాలు ఇవీ అని. పేరు వద్దులే అన్నాను. "తప్పు పంపినప్పుడు నా పేరుతోనే పోయింది కదా టీచర్" అంది.

నాకు ఉత్సాహం ఎక్కువైంది. కన్నియమ్మ షెడ్డుకు పోతోంది కాబట్టి ఆమె మరదలి దగ్గర చేపలు కొని, పులుసు పెట్టి, క్యారియర్ తెచ్చి పిల్లల ముందే తిన్నాను. "చూశారా, నాకేమైనా అయిందా?"

సుగుణ లేచి నిలబడింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మీరు తింటే రుజువు కాదు టీచర్. వీడియో మనది కాదని తేలింది, అంతే. మన నీళ్ళు బాగుండాయని ఎవురు చెప్పినారు? దానికి సోర్స్ యాడ?"

క్యారియర్ మూత పెట్టేశాను. ఆ పిల్ల చదువు ఆ గంప మీదే ఆధారపడి ఉంది. అయినా అడిగింది. నా ఉద్యోగ జీవితంలో అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

హెడ్మాస్టరు మత్స్యశాఖకు ఉత్తరం రాశారు. వాళ్ళు వచ్చి నీళ్ళు, చేపలు పట్టుకుపోయారు. ఫలితం వచ్చేదాకా పిల్లను షెడ్డుకు పంపొద్దని కన్నియమ్మను బతిమాలితే సరేనంది. ఏ దోషమూ లేదని కాగితం వచ్చాక, సుగుణ దాన్ని తల్లితోపాటు ఇంటింటికీ తిరిగి చదివి వినిపించింది. మనకు గిట్టని మాటకే కాదు, మనం నిజం కావాలని కోరుకునే మాటకు కూడా ఆధారం అడగాలని నాకు నేర్పింది ఆ పిల్లే.

కన్నియమ్మ గంప మళ్ళీ నా గుమ్మంలో దిగిన రోజు, ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ వారం మా ఇంట్లో వ్రతమేమీ లేదు కన్నియమ్మా. భయపడి అబద్ధం చెప్పినాను."

ఆమె తల ఎత్తకుండానే చేపలు ఏరుతూ అంది: "తెల్సులే టీచరమ్మా. వ్రతం చేసే ఇంటి చెత్తబుట్టలో ఉల్లిగడ్డ పొట్టు ఎందుకుంటాది?"