తడి చెక్కను నమ్మని కామేశ్వరి గారు

గత గురువారం ఉదయం ఆఫీస్‌కి బయలుదేరబోతుండగా కామేశ్వరి గారి భర్త మూర్తి గారి నుంచి ఫోన్ వచ్చింది. "రఘూ, మీ మేడమ్ వెళ్ళిపోయింది" అన్నారాయన. అమెరికాలో మా ట్రాయ్ ఊరి పరిసరాల్లో క్రికెట్ ఆడే తెలుగువారందరికీ చిరపరిచితురాలైన కామేశ్వరి గారు ఇక లేరన్న వార్త చెవిన పడింది గానీ, మనసు దాన్ని ఇప్పటికీ అంగీకరించడం లేదు. రెండేళ్ళుగా ఆవిడ వ్యాధితో పోరాడుతున్నారని మాకందరికీ తెలుసు. ముందే తెలిసిన మరణం కూడా ఇంత అశనిపాతమవుతుందని మాత్రం తెలియదు.

ఆవిడ వృత్తిరీత్యా ఇంజనీరు. కార్ల తలుపులకూ బానెట్లకూ ఉక్కు రేకులను ఒత్తే ప్రెస్ షాపులో దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. నేను ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరినవాణ్ణి. రిటైరయ్యాక ఇంటి గరాజ్‌లోంచి రెండు కార్లనూ బయటికి పంపేసి, క్రికెట్ బ్యాట్లకు విల్లో చెక్కను సిద్ధం చేసే పని మొదలుపెట్టారు. ఆటలో పరుగుల సంగతి ఆవిడకు పెద్దగా పట్టేది కాదు. బంతి తగిలినప్పుడు వచ్చే చప్పుడు కోసం బౌండరీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని వినేవారు.

ఊరికి ఉత్తరాన ఒక రైతు పొలంలో, వాగు ఒడ్డున విల్లో చెట్లున్నాయి. గాలివానకు కూలినవాటిని కొని, మొద్దులుగా కోయించి, నిలువునా చీల్పించేవారు. అలా చీల్చిన దిమ్మెలను క్లెఫ్టులంటారు. చీల్చిన రోజే వాటి రెండు కొసలకూ కరిగిన మైనం పట్టించాలి. లేకపోతే కొసల్లోంచి తేమ ఒక్కసారిగా పోయి చెక్క బీటలు వారుతుంది. ఆ పైన గాలాడేలా పేర్చి నెలల తరబడి నీడలో ఆరనివ్వాలి; వేడి పెట్టి తొందరపెడితే పైన ఆరి లోపల చీలుతుంది. పూర్తిగా ఆరాకే రోలర్ల మధ్య ఒత్తి, బంతి దెబ్బకు తట్టుకునేలా గట్టిపరచాలి. ఇందులో ఏ ఒక్క మెట్టునూ దాటేయడానికి ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

అందుకు కారణం మూర్తి గారి కనుబొమ మీద ఉంది. తొలి ఏడాది ఆరీ ఆరని చెక్కతో చేసిన బ్యాట్‌తో ఇంటి వెనక ఆడుతుండగా దాని అంచు విరిగి, ముక్క ఎగిరి ఆయనకు తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. కాస్త కిందయితే కన్నే పోయేది. "ఎమర్జెన్సీ రూములో కూర్చుని నేర్చుకున్నా రఘూ. చెక్క ఎండిందని మనం అనుకోవడం వేరు, అది ఎండడం వేరు" అని ఆవిడ నాతో ఎన్నోసార్లు అన్నారు.

అయినా నాకు ఆ మాట తలకెక్కలేదు. ఇప్పుడు చెప్పబోయేది మొన్న ఆదివారం దాకా ఎవరికీ చెప్పనిది.

నిరుటి చలికాలం ఆవిడ ఆపరేషన్‌కి వెళ్తూ గరాజ్ తాళం నా చేతికిచ్చారు. "ఏమీ చేయకు. అదే నీ పని. కిటికీ రోజూ గంట తెరువు, మూసెయ్" అన్నారు. లోపల ఇరవై మూడు క్లెఫ్టులు ఆరుతున్నాయి. మార్చి నెల వచ్చింది. మా జట్టులో ఓపెనర్ సందీప్ రోజూ మెసేజ్ చేసేవాడు: "అన్నా, సీజన్ స్టార్ట్ అవుతోంది. నా బ్యాట్ ఏమైంది?" గురువు లేని సమయంలో నా చేతి పనితనం చూపించాలన్న ఆశ కూడా నాకుంది. చిన్న హీటర్ కొనుక్కొచ్చి, పేర్పు పక్కన పెట్టి, మూడు వారాలు ఆపకుండా నడిపాను. తేమ మీటరు గుచ్చితే అంకె చక్కగా వచ్చింది. ఒక క్లెఫ్టును ఒత్తి, చెక్కి, పిడి అతికించి సందీప్‌కిచ్చాను.

ఆవిడ కాస్త కోలుకుని గరాజ్‌లోకి అడుగుపెట్టింది మే నెలలో ఒక శనివారం. చెక్క సుత్తితో ఒక క్లెఫ్టును తట్టారు. మరొకటి తట్టారు. ఆ చప్పుడుకు ముఖం మారిపోయింది.

"హీటర్ పెట్టావా?"

"లేదండీ."

"రఘూ."

"లేదు మేడమ్, నిజంగా."

ఆవిడ రెట్టించలేదు. పెన్సిల్‌తో రాసిన నంబర్లు చూసుకుంటూ పేర్పంతా వేలితో తడిమారు. "పదకొండో నంబర్ లేదే?"

"సందీప్‌కి బ్యాట్ చేసిచ్చానండీ."

"ఇవాళ మ్యాచ్ కదూ?" అంటూనే ఆవిడ తలుపు దగ్గరున్నారు. చేతిలో సుత్తి అలాగే ఉంది.

నేను డ్రైవ్ చేస్తున్నాను. పక్క సీటులో ఆవిడ ఒక చేత్తో పొట్ట మీది ఆపరేషన్ కోతను అదిమి పట్టుకుని, రెండో చేత్తో సందీప్‌కి ఫోన్ చేస్తున్నారు. మోగుతోంది, ఎత్తడం లేదు. బిగ్ బీవర్ రోడ్డు మీద ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఎదురైంది. "ప్యాడ్లు కట్టేసుకుని ఉంటాడు" అన్నారు తనలో తాను. మూడో సిగ్నల్ దగ్గర "పెట్టానండీ, మూడు వారాలు" అన్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు. "గ్రీన్ పడింది, పోనీ" అన్నారు.

మేం చేరేసరికి సందీప్ క్రీజులో ఉన్నాడు. బౌలర్ పరుగు అందుకున్నాడు. కారు పూర్తిగా ఆగకముందే తలుపు తీసుకుని, ఆపరేషన్ నుంచి ఇంకా పూర్తిగా తేరుకోని ఆ మనిషి బౌండరీ దాటి మైదానంలోకి నడిచారు. అంపైర్ కేకలేశాడు. బౌలర్ ఆగిపోయాడు.

"సందీప్, ఆ బ్యాట్ కింద పెట్టు!"

"ఆంటీ, ఇంకో నాలుగు ఓవర్లే..."

"కింద పెట్టమన్నానా!"

అతను పెట్టాడు. ఆవిడ దాన్ని గడ్డి మీదే ఆనించి సుత్తితో కొట్టారు. రెండు దెబ్బలకు ఏమీ కాలేదు. ఎవరో నవ్వారు. మూడో దెబ్బకు బ్యాట్ నిలువునా విచ్చుకుంది. పైకి నున్నగా ఉన్న చెక్క లోపలంతా తేనెపట్టులా బీటలు. నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు. వికెట్ల వెనక నిల్చున్న కీపర్ హెల్మెట్ కూడా పెట్టుకోలేదని అప్పుడు గమనించాను.

"ఇలా ఎలా అయిందాంటీ?" అని కెప్టెన్ అడిగాడు.

"చెక్క నా గరాజ్‌లోది. పొరపాటు నాది" అన్నారావిడ. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

తిరుగు దారిలో ఒకే ఒక్క మాట అన్నారు. "హీటర్ పెట్టడం తొందరపాటు. అది నేను సరిదిద్దగలను. లేదని చెప్పావే, అది నువ్వే చూసుకోవాలి."

మర్నాడు మిగిలిన ఇరవై రెండు క్లెఫ్టులనూ నా చేతనే కోయించారు. ఒక్కొక్కటీ కోసి, లోపల చూసి, గట్టిగా చెప్పాలి. పందొమ్మిదింటి లోపల బీటలున్నాయి. మూడు నిక్షేపంగా ఉన్నాయి. "ఇవి బాగున్నాయండీ, అనవసరంగా కోశాం" అన్నాను. "కోయకుండా ఎలా తెలుస్తుంది? అందుకే ముందు చెడగొట్టకూడదు" అన్నారు. ఏడాదిన్నర శ్రమ కట్టెలైపోతుంటే ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఆ వారమే మళ్ళీ రైతుకు ఫోన్ చేసి, కొత్త మొద్దులకు కబురు పెట్టారు. ఈసారి మైనం పట్టించడం దగ్గర్నుంచి నాకు మొదటినుంచీ నేర్పారు. తాళం కూడా మళ్ళీ నాకే ఇచ్చారు. ఆ ఔదార్యం నన్ను దండించినంతగా ఏ శిక్షా దండించలేదు.

మొన్న ఆదివారం ఫ్యునరల్ హోమ్‌లో మూర్తి గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ ప్రతిభాపాటవాల గురించి రాసుకెళ్ళిన కాగితం జేబులోనే ఉంచేసి, ఆ శనివారం జరిగిందంతా చెప్పాను. మూడో వరసలో కూర్చుని సందీప్ అంతా విన్నాడు. అంతా అయ్యాక పార్కింగ్‌లో నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఆ బ్యాట్‌తో ముందు రోజు మా పాపకి ప్రాక్టీస్ ఇచ్చాను. వికెట్ల వెనక కీపర్‌గా నిలబెట్టి. నీకు తెలుసా?"

తెలియదన్నాను. అతను కారెక్కి వెళ్ళిపోయాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. అడిగే అర్హత నాకు లేదు.

పెద్దలు పోయినప్పుడు తీరని లోటు అంటాం. నా వరకు ఆ మాటకు అర్థం ఒక్కటే: నేను అబద్ధమాడితే నా పేరు పెట్టి పిలిచి, ఆగి, నిజం చెప్పడానికి నాకు వ్యవధి ఇచ్చే మనిషి ఇప్పుడీ ఊళ్ళో లేరు. ఆ నిష్ఠకూ, ఆ సహనానికీ, ఆ తల్లి పాదాలకూ శిరసు వంచి నమస్కరిస్తున్నాను.