సాకుల సమ్మన్న

మొన్న భద్రాచలం బస్టాండు దగ్గరి కొట్లో ఇప్పపూల లడ్డూల పొట్లం ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి విప్పగానే ఎండిన పూల తీపి, ముదురు పాకం పట్టిన బెల్లం, అడుగున ఎక్కడో తడిసిన అడవి మట్టి, అన్నీ కలిసిన ఆ వాసన గదంతా పరుచుకుంది. అలవాటు కొద్దీ ముందు పొట్లం మీద అచ్చేసిన బరువు చదివి, ఒక్కో లడ్డూ ఎంత తూగుతుందో మనసులోనే భాగించి చూసుకున్నాను. అన్నీ ఒకే కొలత, ఒకే గుండ్రం. మా అమ్మమ్మ కట్టిన లడ్డూల మీద ఆమె వేళ్ళ గుంటలుండేవి. ఏ రెండూ ఒక్క తీరుగా ఉండేవి కావు, ఎవరి మీద ప్రేమ పొంగితే వాళ్ళది ఇంకాస్త పెద్దదయ్యేది.

మాది పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో చిన్న గుంపు, గుప్పెడు ఇళ్ళ పల్లె. ఇటు కేకేస్తే అటు చివరి ఇంటికి వినపడేది. ఎండలు ముదరకముందే ఇప్పపూలు రాలేవి. తెల్లవారుజామున చీకట్లో పూలు ఎండుటాకుల మీద పడే చప్పుడు, పెద్ద చినుకులు ఆగి ఆగి కురుస్తున్నట్టు, నిద్రలోకి వచ్చేది. పూలు అయిపోతుండగా బీడీలు చుట్టే తునికాకు మొదలయ్యేది. ఆకులు యాభై చొప్పున కట్ట కట్టి కళ్లంలో వరసలు పేర్చేవాళ్ళం, వరసల మధ్య ఎండకు ఆకు వాసన చేదుగా మత్తుగా లేచేది. నాకు లెక్కలు వచ్చింది అక్కడే. బడికన్నా ముందు ఆ వరసలు నేర్పాయి, తర్వాతవన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. కళ్లంలో ఎప్పుడైనా లెక్క ఎక్కువ వస్తే మంచిది, తక్కువ వస్తే చెడ్డది. ఈ ఒక్క సూత్రం మా గుంపు మొత్తానికీ తెలుసు.

మా గుంపుకొక వీరుడుండేవాడు, అమ్మమ్మ చిన్న కొడుకు సమ్మయ్య మామ. మణుగూరు బొగ్గు కాలనీలో కూలికి పోయి, అక్కడి కోచ్ కంట్లో పడి బాక్సింగ్ నేర్చుకున్నాడు. ఒక వేసవిలో దమ్మపేట పిల్లగాణ్ణి ఓడించి ఇత్తడి కప్పు తెచ్చాడు. అమ్మమ్మ దాన్ని కడిగి, బోర్లించి ఆరబెట్టి, అందులో ఉప్పు పోసింది. ఏడాది పొడుగునా మేము గెలిచిన కప్పులోని ఉప్పే తిన్నాం.

మరుసటి వేసవిలో మళ్ళీ ఆ ఇద్దరికే పోటీ పడింది. ఈసారి గెలిచినవాడికి కాలనీలో గార్డు ఉద్యోగం ఇస్తామని పెద్దలు మాటిచ్చారు. మామకు అది జీవితం. అమ్మమ్మకు, కొడుకు ఇక బొగ్గు తట్ట మోయడన్న మాట. పోటీకి ముందు నాలుగు రోజులు ఇంటికొచ్చిపోతానని మామ వచ్చాడు, గుంపంతా అతన్ని పంచుకుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పెట్టినదాన్ని ఎవరూ 'వద్దు' అనరు. వద్దంటే మీరు నాకేమీ కారన్నట్టు. కడుపు నిండినవాడు 'మల్లొస్త' అని లేవాలి. ఆ మాట అన్నవాడు ఆ ఇంటికి ఒక పూట బాకీ పడ్డట్టు, మర్నాడు మళ్ళీ పిలుపు వచ్చేది. మామ పొద్దున రామక్క పెద్దమ్మ ఇంట్లో జొన్న గటక, పప్పు తిని 'మల్లొస్త' అనేవాడు; మధ్యాహ్నం మరియమ్మత్త పంది కూర వండి ఎసట్లో బియ్యం పోసేది, అక్కడా 'మల్లొస్త'నే. సాయంత్రం ముంజలు, మొర్రిపండ్లు, రాత్రి అమ్మమ్మ నాటుకోడి పులుసు, ఆపైన లడ్డూలు. మర్నాడు పొద్దు ఎక్కకముందే మరియమ్మత్త మా దడి దగ్గర నిలబడింది.

"మల్లొస్తనంటివి, ఏడికి వోయినవ్ కొడకా? మా కూర కారమైందా ఏంది?"

మామ నవ్వుతూ లేచి ఆమె వెంట నడిచాడు.

పోటీ రోజు ట్రాక్టరు ఎక్కి అందరం మణుగూరు పోయాం. గ్రౌండు పక్క రేకుల షెడ్డులో పెద్ద కాటా ఉంది. ఒక తూకం వాళ్ళు ఆ తూకం వాళ్ళతోనే కొట్లాడాలట, ముల్లు గీత దాటితే ఆటలోంచి తీసేస్తారట. అది అప్పటికి మామకు తప్ప మాలో ఎవరికీ తెలియదు. మామ కాటా ఎక్కాడు. ముల్లు వణికి, గీత దాటి, ఇంకాస్త అవతల పోయి ఆగింది.

అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. "సూడుండ్రి, పోయినేడుకన్న ఎక్కువ తూగిండు నా కొడుకు."

గుంపంతా చప్పట్లు కొట్టింది. రామక్క పెద్దమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది. కోచ్ మాత్రం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నేను కాటా పక్కనే ఉన్నాను, ముల్లు కింది అంకెలు చదువుకుంటూ.

"వద్దనే మాట రాదా నీకు?" అన్నాడు కోచ్, పళ్ళు బిగించి.

"మెల్లగ అనుండ్రి సార్," అన్నాడు మామ. "అమ్మ వింటది."

ముల్లు ఎక్కువ చూపితే కోపమెందుకో నాకు అర్థం కాలేదు. మామ మండుటెండలో రగ్గు కప్పుకొని షెడ్డు చుట్టూ పరుగెత్తాడు. ఇదీ ఆటలో భాగమేననుకొని మేము రేకుల నీడలో కూర్చొని చూశాం. అమ్మమ్మ చెంబుతో నీళ్ళిస్తే నోట్లో పోసుకొని షెడ్డు వెనక ఉమ్మేసి వచ్చాడు. మళ్ళీ కాటా ఎక్కినప్పుడు ముల్లు గీత మీదికి దిగింది. ఎండకు ఇంకిపోయిండు బిడ్డ, అని అమ్మమ్మ బాధపడి కొంగు ముడి విప్పి లడ్డూ ఇచ్చింది. మామ దాన్ని తువ్వాల్లో చుట్టుకొని, "మల్లొస్త అమ్మా, గెలిచినంక తింట" అన్నాడు.

ఆ ఆట నాకిప్పుడు కలలా గుర్తుంది. దుమ్ము, తెల్లటి ఎండ, తాళ్ళ మధ్య నీళ్ళలో నడుస్తున్నట్టు మామ కాళ్ళు. మొదట బాగానే కొట్టాడు. తర్వాత చేతులు కొంచెం కొంచెంగా కిందికి జారాయి. దమ్మపేట పిల్లగాడు గెలిచాడు, ఉద్యోగం అతనికే పోయింది. తిరుగు ట్రాక్టరు ఎక్కాం. దారి పొడుగునా కాలిన ఆకుల వాసన.

ఆ తర్వాత సాకులు మొదలయ్యాయి. మరియమ్మత్త ఎందుకోడినవ్ కొడకా అని అడిగితే గ్లవుసులు తడిగా ఉన్నాయన్నాడు. రామక్క పెద్దమ్మకు ఎండ కళ్ళలో పడ్డదన్నాడు. అమ్మమ్మకు, ఆ పిల్లగాని చెయ్యి పొడుగన్నాడు. ఇంటికొక మాట. గుంపులో ఆ మాటలన్నీ ఒకచోట చేరేసరికి మగపిల్లలు పాట కట్టారు, మామ వీధిలో కనపడితే చాలు, "సాకుల సమ్మన్నా, ఇయ్యాల ఏం సాకు?" అనేవాళ్ళు. ఓడినందుకు ఎవరూ నవ్వలేదు, అబద్ధాలకు నవ్వారు. మామ తల వంచుకొని కళ్లానికి పోయి తునికాకు మూటలు మోసేవాడు. ఆ పేరు అతనికి శాశ్వతంగా అంటుకుపోయింది.

పెద్దయ్యాక, ఊరికే కూర్చున్నప్పుడు పాత విషయాలను కూడి, తీసివేసే అలవాటుతో, ఒకసారి ఆ సాకులన్నిటినీ వరసగా పెట్టుకొని చూశాను. గ్లవుసులు, ఎండ, చెయ్యి పొడుగు. ఒక్కదానిలోనూ తిండి ఊసు లేదు, తూకం ఊసు లేదు. ఏ ఇంటి ముందు నిలబడినా, ఆ ఇంటి పొయ్యికి తగలని మాటే వెతికి చెప్పాడు.

లడ్డూల పొట్లం పట్టుకొని నిన్న మామ దగ్గరికి పోయాను. ఇప్పుడతనికి షుగరు, చూపు తగ్గింది, మంచంలో పడుకుంటే ఆ భుజాలేనా ఇవి అనిపిస్తుంది. వాసన తెలిసి లేచి కూర్చున్నాడు.

"మామా," అన్నాను, "ఆనాడు తూకం ఎక్కువైనందుకే గదా?"

మామ వాకిలి వైపు చూశాడు. మరియమ్మత్త లేదు. రామక్క పెద్దమ్మ లేదు. అమ్మమ్మ పోయి ఎన్నేళ్ళో. దడులు పోయి సిమెంటు గోడలు వచ్చాయి, కళ్లం ఉన్నచోట మొక్కజొన్న వేశారు, పెట్టిందానికి 'మల్లొస్త' అనే మాట కూడా ఎవరి నోటా వినపడటం లేదు. అయినా మామ గొంతు తగ్గించాడు.

"లేదు బిడ్డా. గ్లవుసులు తడిగున్నయ్."

లడ్డూ చేతిలోకి తీసుకొని, బొటనవేలితో దాని చుట్టూ తడిమాడు, వేళ్ళ గుంటల కోసం.